అనుసరణ అపరాధమా?

మన కళాశాల వార్షికోత్సవ నాటక పోటీ నిబంధనలలో ఒక వాక్యం చాలాకాలంగా నిలిచి ఉన్నది: "ప్రదర్శించు నాటిక స్వతంత్ర రచనయై యుండవలెను." ఈ వాక్యం వ్రాసిన పెద్దల ఉద్దేశం ఉత్తమమైనదే. విద్యార్థులు సొంతంగా ఆలోచించాలని, ఎక్కడినుండో ఎత్తి తెచ్చిన సరుకును తమదిగా చలామణి చేయరాదని వారు కోరుకున్నారు. కాని ఆచరణలో జరుగుతున్నది వేరు. ఒక మంచి నవల చదివి, అందులోని ఘట్టాన్ని రంగస్థలానికి తగినట్లు మలచి, మూల రచయిత పేరును నిజాయితీగా పేర్కొన్న బృందం మొదటి వడపోతలోనే తొలగిపోతున్నది. ఏ చలనచిత్రంలోనో చూసిన కథకు ఊరి పేరు, పాత్రల పేర్లు మార్చి "స్వతంత్ర రచన" అని సంతకం చేసిన బృందం నిరాటంకంగా వేదిక ఎక్కుతున్నది. నిజం చెప్పినవాడికి శిక్ష, దాచినవాడికి బహుమతి! ఈ నిబంధనను గురించి కమిటీ పెద్దలూ, విద్యార్థి మిత్రులూ కొంత ఆలోచించవలసి ఉన్నదని నా మనవి.

స్వతంత్ర రచన అన్న గీటురాయి మీద గీస్తే మన సాహిత్యంలో మిగిలేది ఎంత? నన్నయ వ్యాసభారతాన్ని తెనిగించాడు. శ్రీనాథుడు శ్రీహర్షుని నైషధాన్ని తెలుగు చేశాడు. ఈ చర్చ మన ప్రాచీనులకు తెలియనిదీ కాదు. వసుచరిత్ర పీఠికలో రామరాజభూషణుడు కథలను రత్నాలతో పోల్చాడు. కేవల కల్పనను కృత్రిమ రత్నమన్నాడు, ఉన్న కథను ఉన్నట్లు చెప్పడాన్ని సానపట్టని రాయిగా ఎంచాడు, పాత కథకు కవి తన కల్పనను జోడించినప్పుడే అది మెరిసే జాతిరత్నమన్నాడు. అదే శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయమనే అపూర్వమైన కల్పిత కథను వ్రాసి ఆ తీర్పును పూర్వపక్షం చేశాడనుకోండి. అది వేరే సంగతి.

ఈ కళాశాలలో ఉర్దూ, తెలుగు పక్కపక్క గదులలో బోధింపబడుతున్నవి కాబట్టి మరొక ఉదాహరణ చెప్పక తప్పదు. సంస్కృతంలోని శుకసప్తతి కథలను పధ్నాలుగవ శతాబ్దంలో నఖ్షబీ పారసీలో తూతీనామాగా వ్రాశాడు. దానిని ఆధారం చేసుకుని గోల్కొండ ఆస్థానకవి గవ్వాసీ దక్కనీలో తన తూతీనామాను రచించాడు. పాలవేకరి కదిరీపతి అవే చిలుక కథలను తెలుగు పద్యాలలో చెప్పాడు. ఒకే చిలుక ఇన్ని భాషలలో పలికింది. ఏ గూటిలో ఉన్నప్పుడు ఆ గూటి పలుకు పలికింది. వీరిలో ఎవరు అనుకర్త, ఎవరు స్వతంత్రుడు?

ఇక చలనచిత్రాల సంగతి. మనకు ఇష్టమైన నవల తెరకెక్కిందంటే ముందుగా పుట్టేది భయం. మనం ఊహించుకున్న ముఖం స్థానంలో ఎవరో నటుని ముఖం వచ్చి కూర్చుంటుంది. అందువల్లనే "నవలలో ఉన్నట్లు లేదు" అన్నది పాఠకుని మొదటి ఫిర్యాదు. నవలలో ఉన్నట్లే ఉంటే తెర ఎందుకు, నవల చాలదా అన్నది నా ప్రశ్న.

సత్యజిత్ రాయ్ 1977లో ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా 'శత్‌రంజ్ కే ఖిలాడీ' తీశాడు. 1856లో అవధ్ రాజ్యం ఆంగ్లేయుల వశమవుతుండగా ఇద్దరు లక్నో జాగీర్దారులు చదరంగంలో మునిగి ఉంటారు. కథలో వారు చివరకు ఆట మీది కలహంతో కత్తులు దూసి ఒకరినొకరు చంపుకుంటారు. చిత్రంలో చావరు. కలహిస్తారు, తుపాకి పేలుతుంది, ఆ తరువాత ఆంగ్లేయుల పద్ధతిలో మళ్ళీ ఆటకు కూర్చుంటారు. ఉర్దూ శాఖలోని నా మిత్రులొకరు ఈ మార్పును నేటికీ అంగీకరించరు. ప్రేమ్‌చంద్ వ్యంగ్యం అంతా ఆ రెండు శవాలలోనే ఉన్నదంటారు. నాకు మాత్రం రాయ్ ముగింపే ఎక్కువ భయం కలిగిస్తుంది. చచ్చినవారికి సిగ్గు తీరిపోయింది. బ్రతికినవారు ఆ సిగ్గుతోనే మర్నాడు ఇంటికి పోవాలి. దర్శకుడు మూలంలోని సంఘటనను విడిచాడు గాని, మూలంలోని ప్రశ్నను విడువలేదు.

మార్పులన్నీ ఇటువంటివే అని నేననను. శరత్ 'దేవదాసు'ను వేదాంతం రాఘవయ్య 1953లో తెలుగులో తీసినప్పుడు నాగేశ్వరరావు, సావిత్రుల ముఖాలలో ఆ దుఃఖం మన ఇంటి దుఃఖమైపోయింది. అది బెంగాలీ కథ అన్న సంగతే చాలామంది మరచారు. 2002లో వచ్చిన హిందీ 'దేవదాస్'లో రాజభవనాల వంటి ఇళ్ళు, కళ్ళు మిరుమిట్లు గొలిపే దీపాలు, నవలలో ఎన్నడూ కలవని పార్వతీ చంద్రముఖులు కలిసి చేసే నృత్యం ఉన్నాయి. చూడముచ్చటగా ఉన్నదనే అందాం. కాని ఆ నృత్యం వల్ల శరత్ అడిగిన ఏ ప్రశ్న పదునెక్కింది? నాకు జవాబు దొరకలేదు.

మన తెలుగునాట జరిగిన రెండు గొప్ప అనుసరణలకు మూలాలు ఉర్దూలో ఉన్నాయని ఎందరు విద్యార్థులకు తెలుసు? మృణాల్ సేన్ 1977లో తీసిన 'ఒక ఊరి కథ'కు మూలం ప్రేమ్‌చంద్ 'కఫన్'. ఆ కథ మొదట ఉర్దూలో, 1935లో 'జామియా' పత్రికలో అచ్చయింది. కథ మొదలయ్యే వేళకే కోడలు బుధియా గుడిసెలో ప్రసవవేదనతో మరణానికి చేరువై ఉంటుంది. బయట మామ, మగడు నెగడు దగ్గర దుంపలు కాల్చుకు తింటుంటారు. ఆమె మనకు మూలుగుగా మాత్రమే వినిపిస్తుంది. చిత్రంలో ఆ స్త్రీ నీలమ్మగా వస్తుంది. కాపురానికి వస్తుంది, కష్టం చేస్తుంది, ఆ ఇంటిని నిలబెట్టాలని చూస్తుంది, ఆ తరువాతే చనిపోతుంది. ప్రేమ్‌చంద్ కొన్ని పుటలలో ఇమిడ్చి ఇచ్చిన భయానకమైన మౌనాన్ని సేన్ ఒక నిండు జీవితంగా విప్పాడు. రెండింటిలో ఏది గొప్పదని అడిగితే కథే అంటాను. కాని చిత్రం చూసిన తరువాత చదివిన కథలో ఆ మూలుగు నాకు మరింత గట్టిగా వినిపించింది.

రెండవది 'మా భూమి'. గౌతమ్ ఘోష్ 1979లో తీసిన ఈ చిత్రానికి ఆధారం కృష్ణచందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. ఉరిశిక్ష పడిన రైతు బిడ్డ రాఘవరావు జైలులో తన చివరి రాత్రి నెమరువేసుకునే జ్ఞాపకాలే ఆ నవల. చిత్రంలో నాయకుడు రామయ్య అయ్యాడు. ఉరి చుట్టూ తిరిగిన కథ ఊరి చుట్టూ తిరిగింది. మెదకు జిల్లా మంగళపర్తిలో కెమెరా పెట్టి, ఆ మట్టి యాసను, ఆ గోచీలను, ఆ గొంగళ్ళను తెర మీదికి తెచ్చారు. గద్దర్ తెరపై కనిపించి పాడిన పాట కృష్ణచందర్ నవలలోనిది కాదు, బండి యాదగిరిది. తెలంగాణ పోరాటం గురించి ఉర్దూలో వ్రాయబడిన నవల తెలంగాణ పల్లె నోటితో మళ్ళీ చెప్పబడింది. దీనిని అనుకరణ అనడానికి నోరు రాదు. మూలం పేరు చెప్పినందువల్ల ఆ చిత్రం గౌరవం తగ్గిందా?

తగ్గుతుందన్న అపోహతోనే కొందరు దాచిపెడతారు. యద్దనపూడి సులోచనారాణి 'మీనా' నవల 1973లో విజయనిర్మల దర్శకత్వంలో అదే పేరుతో చిత్రంగా వచ్చింది. 2016లో 'అ ఆ' విడుదలైనప్పుడు ఆ నవల చదివిన తల్లులూ, అమ్మమ్మలూ కథను ఇట్టే గుర్తుపట్టారు, రచయిత్రి పేరు ప్రస్తావన గురించి చర్చా జరిగింది. పాఠకుల జ్ఞాపకశక్తిని తక్కువగా అంచనా వేయరాదు.

న్యాయస్థానాల మార్గం ఇంకొకటి. ఆర్.జి. ఆనంద్ అనే నాటకకర్త తన 'హమ్ హిందుస్తానీ' నాటకాన్ని 1956 నాటి 'న్యూఢిల్లీ' చిత్రం అపహరించిందని దావా వేశాడు. 1978లో సుప్రీంకోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఇతివృత్తం మీద, భావం మీద ఎవరికీ హక్కు ఉండదు, దానిని చెప్పిన తీరు మీదనే హక్కు ఉంటుందన్నది ఆ తీర్పు సారాంశం. న్యాయం అంతవరకే పోగలదు. కాని కళాశాల న్యాయస్థానం కాదు. ఇక్కడ మనం నేర్పవలసింది శిక్ష తప్పించుకునే ఉపాయం కాదు, ఋణం ఒప్పుకునే అలవాటు.

కాబట్టి కమిటీ వారికి నా సూచన ఇది. "స్వతంత్ర రచన" అన్న మాటను తీసివేసి, అనుసరణలను కూడా పోటీకి అనుమతించండి. మూలగ్రంథం పేరు, రచయిత పేరు, తాము చేసిన మార్పులు, వాటికి కారణం ఒక పుటలో వ్రాసి ఇవ్వాలని కోరండి. ఆ పుటకు కూడా మార్కులు ఇవ్వండి. మూలం దాచినట్లు తేలితే బహుమతి వెనక్కు తీసుకోండి. మూలగ్రంథం రెండు ప్రతులైనా గ్రంథాలయంలో ఉండాలి, ఎందుకంటే ఫోనులో చిత్రం చూసి నవల చదివామనుకునే విద్యార్థుల సంఖ్య తక్కువేమీ కాదు. ప్రేమ్‌చంద్ 1936లో మరణించారు గనుక ఆయన కథలపై కాపీరైటు గడువు ఏనాడో ముగిసింది. ఎవరి అనుమతీ అక్కరలేదు. 1977లో మరణించిన కృష్ణచందర్ రచనలకు మాత్రం ఇంకా గడువు ఉన్నది.

రాబోయే వార్షికోత్సవంలో 'కఫన్'తో మొదలుపెట్టవచ్చు. ఒకే సాయంత్రం, ఒకే వేదిక మీద ఉర్దూ విద్యార్థులు ఒకసారి, తెలుగు విద్యార్థులు ఒకసారి ప్రదర్శించాలి. ఘీసూ తెలుగులో ఏ యాస మాట్లాడాలో, కథలో తలుపు వెనుకనే ఉండిపోయిన బుధియా వేదిక మీదికి రావాలో వద్దో ఆ పిల్లలే కూర్చుని తేల్చుకోనివ్వండి.