అటక మీది కట్టలు దించండి



విశాఖపట్నంలో ఒక విశ్వవిద్యాలయపు న్యాయ కళాశాల గ్రంథాలయంలో పని చేస్తున్నాను. మీ ఇంట్లో ఉన్నవాటి కోసమే ఈ విజ్ఞప్తి.

పాడేరు వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక అమ్మాయి ఒకరోజు సమతా కేసు తీర్పు అడిగింది. ఇచ్చాను. మర్నాడు మళ్లీ వచ్చింది. "మేడమ్, బొర్రా చుట్టుపక్కల ఏ రాయి ఎక్కడ తవ్వారో చెప్పే పుస్తకం ఉందా? మా తాతల కాలంలో భూమి ఎలా పంచుకునేవాళ్లో ఎవరైనా రాశారా?" మొదటిది భూగర్భశాస్త్ర విభాగం బీరువాలో ఉంది, తాళం వాళ్ల దగ్గరుంది. రెండోది మా దగ్గర ఎక్కడా లేదు. ఆ పిల్ల వట్టి చేతులతో వెళ్లిపోయింది.

ఆమె అడిగినవి అక్కరకు రాని ప్రశ్నలు కావు. అనంతగిరి ఏజెన్సీలో గనుల లీజుల మీద నడిచిన ఆ కేసు చాలావరకు ఒక్క మాట చుట్టూ తిరిగింది. గిరిజన ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయరాదని 1959 నాటి రెగ్యులేషన్ చెప్పింది. 1/70 సవరణ దాన్ని మరింత బిగించింది. మరి ఆ చట్టంలోని 'వ్యక్తి' అన్న మాట కిందికి ప్రభుత్వం వస్తుందా? వస్తుందని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ మాటకు అంత బరువు ఎందుకొచ్చిందో తెలియాలంటే కొండ మీద భూమి ఎలా చేతులు మారిందో తెలియాలి. అది లా రిపోర్టు ఒక్కటే చదివితే దొరకదు.

చట్టాన్ని జీవితంతో కలిపి చూడడం ఉత్తరాంధ్రకు కొత్త కాదు. విశాఖ జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాలను విజయనగరం మహారాజు లెక్క తీయిస్తే వెయ్యికి పైగా తేలాయి. గురజాడ ఆ సంగతి 'కన్యాశుల్కం' పీఠికలో రాశారు. రావిశాస్త్రి వకీలు. మద్యనిషేధ చట్టం పేదవాడి గడపలో ఏం చేసిందో 'ఆరు సారా కథలు' చెబుతాయి. అయినా మా దగ్గర ఈ పుస్తకాలు తెలుగు విభాగంలో ఒక అంతస్తులో, చట్టాలు మరో అంతస్తులో ఉన్నాయి.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్.వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరిన్ ఆవిరి 12 మందిని పొట్టన పెట్టుకుంది. అలాంటి కేసులో నష్టపరిహారం కోసం రేపు వాదించబోయే పిల్లలకు రసాయనశాస్త్రం కావాలి, వైద్యం కావాలి, ఫ్యాక్టరీ గోడ దాకా ఇళ్లు ఎలా వచ్చాయో చెప్పే పట్టణ ప్రణాళిక పటాలు కావాలి.

అందుకే చట్టం పక్కనే భూమి, వైద్యం, ఆర్థికం, సాహిత్యం ఉండేలా ఒక కొత్త సేకరణ మొదలుపెట్టాం. కొత్త పుస్తకాలు కొనడానికి విశ్వవిద్యాలయం నిధులిస్తుంది. డబ్బుతో దొరకనివి మీ దగ్గర ఉన్నాయి.

వకీళ్ల కుటుంబాలకు: పాత బేర్ యాక్టులు, లా జర్నళ్లు తూకానికి వేయకండి. 2024 జూలై 1 నుంచి కొత్త నేర చట్టాలు వచ్చాక ఐపీసీ పుస్తకాలు పాత పేపర్ల కొట్లలో తక్కెడ ఎక్కడం కళ్లారా చూశాను. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలను ఇప్పటికీ ఐపీసీ కిందే విచారిస్తారు. 1965లో జరిగిన అమ్మకాన్ని తేల్చాలంటే 1965 నాటి చట్టమే చూడాలి.

కరణీకం చేసిన ఇళ్లవారికి: 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయ్యాక మీ ఇంట్లో మిగిలిపోయిన అడంగళ్ల నకళ్లు, ఊరి పటాలు, అర్జీల ప్రతులు మాకు చూపించండి.

డాక్టర్లకు, విలేకరులకు, కార్మిక సంఘాల వారికి: విచారణ కమిషన్ల నివేదికలు, కరపత్రాలు, పేపరు కటింగులు, ఏవైనా సరే ఇవ్వండి.

జాలారిపేటల పెద్దలకు, కొండ ఊళ్ల పెద్దలకు: మీ తగవులు మీరెలా తీర్చుకునేవారో చెబితే చాలు. మేమే వచ్చి, మీ మాటల్లోనే రికార్డు చేసుకుంటాం.

పరీక్షల గైడ్లు, ప్రశ్నల బ్యాంకులు మాత్రం వద్దు.

అసలు కాగితాలు వదులుకోవడం ఇష్టం లేకపోతే స్కాన్ చేసుకుని, కట్ట కట్టినట్టే తిరిగి ఇస్తాం. కేసు కట్టల్లో ఆడవాళ్ల పేర్లు, పిల్లల పేర్లు ఉంటే ఆ పుటలు ఎవరికీ చూపించం. మీరు పెట్టిన షరతు రాతపూర్వకంగా ఉంటుంది. చెద పట్టిందని, అక్షరాలు మాసిపోయాయని మీరే పక్కన పెట్టేయకండి. ముందు మమ్మల్ని చూడనివ్వండి.

ఆ అమ్మాయి ఇప్పుడు చివరి సంవత్సరంలో ఉంది. వచ్చే వేసవికి నల్లకోటు వేసుకుని మన్యానికి వెళ్తానంటోంది. ఆమె వెళ్లేలోగా రెండో ప్రశ్నకు కనీసం ఒక్క కాగితమైనా చేతిలో పెట్టాలని నా కోరిక. అది మీ అటక మీదే ఉందేమో, ఈ ఆదివారం ఒక్కసారి నిచ్చెన వేసి చూడండి.

ఇట్లు,
మీ గ్రంథపాలకురాలు