కాలేజీ గేటు దాకా తోడెవరు?

ఇంటర్ పాసైన పిల్లకి డిగ్రీలో సీటొచ్చిందంటే మన పేటలో పండగే. తల్లి చీటీ పాడి బ్యాగు, బట్టలు కొంటుంది. తండ్రి మేస్త్రీ దగ్గర ముందస్తుగా కూలి డబ్బులు తెస్తాడు. రెండు నెలలు పోనీయండి. అదే పిల్ల పత్తిచేలో కలుపు తీస్తూ కనిపిస్తుంది. "ఏమ్మా, కాలేజీకి పోవడం లేదా?" అంటే తల దించుకుంటుంది. "నాకు రాదులే సార్" అంటుంది. ఏది రాదో చెప్పదు. ఆ పిల్లకీ తెలవదు.

బళ్లో పాఠం చెప్పుకునేవాడిగా నేను చూసినంతలో, చదువు రాక మానేసిన మన పిల్లలు తక్కువ. మొదటి నెల దాటలేక మానేసినవాళ్లే ఎక్కువ.

నా సంగతే చెబుతాను. మా ఇంట్లో డిగ్రీ మెట్టెక్కిన మొదటివాణ్ణి. కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. మొదటి వారంలో క్లాసులోకొచ్చిన ఒకాయన "స్కాలర్‌షిప్ వాళ్లంతా లేవండి" అన్నాడు. లేచాం. మిగతా క్లాసంతా తలలు తిప్పి చూసింది. ఆయన రిజిస్టర్లో గుర్తులు పెట్టుకుని కూర్చోమన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. అయినా మర్నాడు నాకు కాళ్లు రాలేదు. ఇంట్లో చెబితే అమ్మ ఏడుస్తదని రోజూ పొద్దున్నే బయల్దేరి చీరాల స్టేషన్లో కూర్చుని, సాయంత్రం కాలేజీ వదిలే వేళకి ఇంటికి పోయేవాణ్ణి. పద్దెనిమిది రోజులు అట్టా గడిచినాయి. పక్కూరి పల్లె నుంచి వచ్చే ఫైనలియర్ అన్న ఒకడు నన్ను అక్కడ పట్టుకున్నాడు. "ఏరా, నిన్నూ నిలబెట్టారా? నన్నూ నిలబెట్టార్లే. రేపు నాతో రా" అన్నాడు.

ఆ అన్న చెప్పినవి గొప్ప రహస్యాలేం కాదు. హాజరు నూటికి 75 తగ్గితే స్కాలర్‌షిప్ ఆగిపోతుందని చెప్పాడు. లైబ్రరీ కార్డు ఎక్కడిస్తారో, ఆఫీసులో ఏ గుమాస్తా దగ్గరికి ఏ వేళప్పుడు పోవాలో, పాత నోట్సు ఎవరి దగ్గర దొరుకుతుందో చూపించాడు. మొదటి ఇంటర్నల్‌లో తప్పితే కొంప మునగదన్నాడు. అన్నిటికన్నా, "నన్నూ నిలబెట్టారు" అన్న ఆ ఒక్క మాట. ఆ మాట ఏ ప్రిన్సిపాల్ చెప్పగలడు?

ఇప్పుడు సర్కారు వారి దగ్గర దీనికి కాగితాలున్నాయి. ఇంజనీరింగ్ కాలేజీల్లో మొదటేడు పిల్లలకి మూడు వారాల పరిచయ కార్యక్రమం పెట్టాలని ఏఐసీటీఈ చెప్పింది. యూజీసీ 2019లో 'దీక్షారంభ్' పేరుతో అన్ని ఉన్నత విద్యాసంస్థలకీ మార్గదర్శకాలిచ్చింది. కొత్త పిల్లల్ని చిన్న చిన్న గుంపులు చెయ్యాలి, గుంపుకో అధ్యాపకుడుండాలి, సీనియర్లు తోడుండాలి అని రాశారు. రాత బాగానే ఉంది. జరిగేది మాత్రం చాలాచోట్ల దీపం, దండ, క్రమశిక్షణ మీద ఉపన్యాసం, మధ్యాహ్నానికి సెలవు. సీనియర్లని పిలిచినా ఎవర్ని పిలుస్తారు? ఇంగ్లీషులో గడగడా మాట్లాడేవాణ్ణి, స్టేజీ భయం లేనివాణ్ణి. వాడు క్యాంటీన్ చూపిస్తాడు. వాడి తప్పు కాదు, వాడికి తెలిసింది అదే.

మన పిల్లకి కావాల్సింది అడ్మిషన్‌కి ముందే మొదలవ్వాలి. డిగ్రీ సీట్లు 2020 నుంచి ఆన్‌లైన్ పద్ధతిలోకి పోయినాయి. ఆప్షన్లు ఎవరు పెడుతున్నారు? నెట్ సెంటర్ కుర్రాడు. వాడు నొక్కిన మీటే మన పిల్ల బతుకవుతుంది. 2023-24 నుంచి ఒకే మేజర్ సబ్జెక్టు విధానం వచ్చింది. ఏ మేజర్ తీసుకుంటే రేపు బీఈడీకి పనికొస్తుందో, ఏది తీసుకుంటే ఏ దారి మూసుకుపోతుందో కూలికి పోయే తల్లిదండ్రులకి ఎట్టా తెలుస్తది? 2021-22 నుంచి డిగ్రీ మొత్తం ఇంగ్లీషు మీడియం చేశారు. తెలుగులో చదివొచ్చిన పిల్ల మొదటి గంటలోనే మునిగిపోతుంది. నిరుడు అదే మడుగులో మునిగి తేలిన పిల్ల పక్కన కూర్చుని "నాకూ మొదట్లో అర్థం కాలా, ఈ రెండొందల మాటలు పట్టుకో, సగం పాఠం తెలుస్తది" అంటే చాలు.

ఇంకొకటుంది. కులం. దాన్ని ఏ దీక్షారంభమూ నోరు తెరిచి చెప్పదు. ఢిల్లీ ఎయిమ్స్ మీద థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక చదివితే, అంత పెద్ద డాక్టర్ల కాలేజీ హాస్టల్లోనే మన పిల్లలు ఒక మూలకి నెట్టబడ్డారని తెలుస్తుంది. వివక్ష జరిగితే ఫిర్యాదు తీసుకోవడానికి ప్రతి విద్యాసంస్థలో ఒక అధికారి ఉండాలని యూజీసీ 2012లోనే నిబంధన పెట్టింది. మీ పిల్ల చదివే కాలేజీలో ఆ అధికారి ఎవరో అడిగి చూడండి. ఆ నిబంధన సరిగా అమలు కావడం లేదని 2019లో సుప్రీంకోర్టుకి ఎక్కింది ఇద్దరు తల్లులు: రోహిత్ తల్లి రాధిక వేముల, పాయల్ తడ్వీ తల్లి ఆబెదా తడ్వీ. 2026 జనవరిలో యూజీసీ కొత్త నిబంధనలు తెచ్చింది. అదే నెలలో సుప్రీంకోర్టు వాటిని నిలిపేసి 2012వే కొనసాగమంది.

రోహిత్ మన గుంటూరు పిల్లోడు. హైదరాబాద్ యూనివర్సిటీలో 1993 నుంచి అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ ఉంది. అన్నలున్నారు, తోడుంది. అయినా 2015 డిసెంబర్లో అయిదుగురిని హాస్టల్ నుంచి వెలేశారు, వాళ్లు బయట వెలివాడ వేసుకున్నారు, 2016 జనవరి 17న రోహిత్ పోయాడు. కాబట్టి సీనియర్ల తోడు ఉంటే అన్నీ జరిగిపోతాయని నేను అనను. అది కాలేజీ చెయ్యాల్సిన పనికి బదులు కాకూడదు. కాలేజీని అడగడం కూడా ఆ అన్నలూ అక్కలే నేర్పాలి.

చీరాలలో చదవడానికొచ్చే ప్రతి మొదటేడు పిల్లనీ విజయనగర్ కాలనీకి తీసుకుపోవాలని నా కోరిక. 1985 జూలై 17న కారంచేడులో తాగే నీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ హత్యాకాండ దాకా పోతే, చావగా మిగిలినవాళ్లు చీరాల చర్చి ఆవరణలోకి వచ్చి పడ్డారు. ఆ కాలనీ అట్టా పుట్టింది. 1989 అత్యాచార నిరోధక చట్టం వెనక ఈ మట్టి కూడా ఉంది. ఆ పిల్ల నడిచే రోడ్డు మీద ఎవరెవరు ఊరేగింపులు తీశారో తెలిస్తే, క్లాసులో నిలబెట్టినప్పుడు తల దించుకోదు.

మన మీద మనం కూడా కోప్పడాలి. ఏప్రిల్ 14కి ఫ్లెక్సీలు కడతాం, డప్పులు మోగిస్తాం. జూన్లో కాలేజీ గేటు దగ్గర మనవాడొక్కడు నిలబడడు. అంబేద్కర్ గారు 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టి, మరుసటి ఏడే షోలాపూర్లో పిల్లలకి హాస్టల్ తెరిపించారు. సీటు ఇప్పిస్తే సరిపోదని, పక్కన మనవాళ్లుండాలని ఆయనకి తెలుసు. ఇక వర్గీకరణ మీద మనలో మనకి వాదం ఉంది, ఉండనివ్వండి. నన్ను క్లాసులో నిలబెట్టినాయన మాలా, మాదిగా అని అడిగి నిలబెట్టలా.

ఒక భయం కూడా చెప్పాలి. తోడుగా పెట్టిన అన్న పెత్తనం మొదలుపెట్టొచ్చు. సిగరెట్లు తెమ్మనొచ్చు. 1997 ర్యాగింగ్ నిషేధ చట్టానికి మనవాడూ పరాయివాడూ అని తేడా లేదు, మనమూ ఊరుకోకూడదు. ఆడపిల్లలకి అక్కలే చెప్పాలి. బస్సులో వెంటపడేవాడి గురించి, నెలసరికి గది లేని కాలేజీ గురించి ఆడపిల్ల ఆడపిల్లతోనే మాట్లాడుతుంది.

ఇంటర్ ఫలితాలు ఈమధ్య ఏప్రిల్లోనే వస్తున్నాయి. ప్రతి పేట నుంచి డిగ్రీ చదివే ఇద్దరు ముందుకు రండి, అందులో ఒకరు ఆడపిల్ల కావాలి. ఆప్షన్లు పెట్టేముందు ఒక ఆదివారం, క్లాసులు మొదలయ్యేముందు రెండు రోజులు, తర్వాత నెలకో సాయంత్రం కూర్చోండి. ఉపన్యాసాలు వద్దు, మా పంతుళ్లని అసలు పిలవొద్దు. స్కాలర్‌షిప్ ఫారం, ఆదాయం, కులం సర్టిఫికెట్లు, బస్సు పాసు, ఆ రెండొందల ఇంగ్లీషు మాటలు. హాజరు పడిపోతున్న పిల్ల ఇంటికి ఎవరు పోతారో అక్కడే పేరు రాసుకోండి.

పెద్దలకి నేను అడిగేది చిన్నదే. చర్చి తాళం ఆ పిల్లల చేతికివ్వండి. పూట భోజనం పేట చందాల్లోంచి పెట్టండి. ఆ రెండు రోజులు మాత్రం వాళ్లని పత్తిలోకి పిలవొద్దు.