గాలాడే దవాఖాన

కృష్ణలో మూసీ కలిసే చోట ఉంది వాడపల్లి. అక్కడి లక్ష్మీనరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలుంటాయి. స్వామి ముఖం ఎత్తులో ఉన్న దీపం రెపరెపలాడుతుంది. కింద ఉన్నది కదలకుండా వెలుగుతుంది. పై దీపాన్ని కదిలించేది స్వామి ఊపిరేనని భక్తుల నమ్మకం. నమ్మకం సంగతి ఎవరిష్టం వాళ్లది. నాకు మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా ఇంకోటి తడుతుంది. రాతి గదిలో కూడా ఊపిరి వెతుక్కున్న జనం మనం. మరి ఊపిరాడక వచ్చేవాళ్ల కోసం ఆస్పత్రి ఎట్లా కడుతున్నాం?

ఏ పట్నంలోనైనా మెయిన్ రోడ్డు మీద చూడండి. ముందు అద్దాల గోడ, అదీ పడమటి వైపే. సాయంత్రం నాలుగింటికి లోపల కుంపటే. కరెంటు పోతే కిటికీ తెరుద్దామంటే అది తెరుచుకునే కిటికీ కాదు. రోగి వెంట వచ్చినవాళ్లు మెట్ల కింద చాప పరుచుకుంటారు. మన దగ్గర ఆస్పత్రికి రోగి ఒక్కడే రాడు కదా! అమ్మ, అత్త, చిన్నాయన, సద్దిమూట అన్నీ వస్తాయి. బిల్డింగు ప్లానులో మంచానికి చోటుంటుంది, మందుల షాపుకు చోటుంటుంది. సద్దిమూటకే ఉండదు.

ఈ నేలకు వైద్యం కోసం కట్టడాలు కట్టడం కొత్త కాదు. వాడపల్లికి ఎగువన నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలం నాటి శాసనంలో 'విగతజ్వరాలయం' అనే మాట దొరికింది. జ్వరం తగ్గినవాళ్లు కోలుకునే చోటని దానికి అర్థం చెప్పారు. అదే కృష్ణ ఒడ్డున దిగువకు పోతే మల్కాపురం శాసనం. 1261లో రుద్రమదేవి పాలనలో వేయించినది. విశ్వేశ్వర శివాచార్యులు అక్కడ ప్రసూతిశాల, ఆరోగ్యశాల, సత్రం నడిపే ఏర్పాటు చేశారు. వాటి ఖర్చుకు ఊరి ఆదాయంలో వాటా రాసిచ్చారు. చికిత్స, కాన్పు, అన్నం మూడూ ఒకే లెక్కలో పెట్టారన్నమాట.

ఇక మూసీ సంగతి. 1908 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌ను ముంచెత్తింది ఈ నదే. ఆ తర్వాత దాని ఒడ్డునే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి లేచింది. గీసినవాడు విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు. నది అవతల హైకోర్టు కూడా ఆయన గీసిందే. ఎక్కడి నుంచో వచ్చినవాడు, అయినా లండన్ బొమ్మ దింపలేదు. ఇక్కడి గుమ్మటాలు, చజ్జాలు, ఎత్తయిన కప్పులు, మందపాటి గోడలు తీసుకున్నాడు. అందం కోసమే అనుకునేరు! చజ్జా ఎండను, వానను ఆపుతుంది. కప్పు ఎత్తుగా ఉంటే వేడిగాలి పైకి పోతుంది, మంచం మీది మనిషికి కాస్త చల్లగా ఉంటుంది. ఏసీ లేని రోజుల్లో అది కూడా వైద్యంలో భాగమే.

అయితే కట్టడంతో పని అయిపోదు. 2020 జూలైలో వానకు ఉస్మానియా వార్డుల్లోకి నీళ్లొచ్చాయి. రోగుల్ని పక్క బ్లాకులకు మార్చి పాత భవనాన్ని మూసేశారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది. ఎంత మంచి కట్టడమైనా డ్రైనేజీ తీయక, కప్పు మీది రావి మొలక పీకక వదిలేస్తే అంతే.

స్థానికత అంటే చాలామంది ఎలివేషన్ అనుకుంటారు. కాంక్రీటు డబ్బా కట్టి, ముందు కాకతీయ తోరణం అతికిస్తే అది స్థానికత కాదు, పెళ్లి సెట్టింగు. స్థానికత అంటే ఎండ ఏ వైపు, గాలి ఏ వైపు, మనుషులు ఎట్లా కూర్చుంటారు, ఎక్కడ తింటారు అని అడిగి గీయడం.

బంగ్లాదేశ్‌లోని సాత్‌ఖీరాలో అట్లాగే ఓ ఆస్పత్రి కట్టారు. పేరు ఫ్రెండ్‌షిప్ హాస్పిటల్, 80 పడకలు. కాషెఫ్ చౌధురి గీశారు. అక్కడ భూగర్భజలం ఉప్పన. అందుకని వాన నీళ్లు పట్టే కాలువను ఆవరణ మధ్యలోంచి తీశారు. ఓపీ ఒక పక్క, వార్డులు ఒక పక్క, నడుమ ఆ కాలువ. కట్టింది అక్కడి ఇటుకతోనే. దానికి 2021 రీబా అంతర్జాతీయ బహుమతి వచ్చింది. అంతకుముందే 1984లో రోజర్ ఉల్‌రిచ్ అమెరికా ఆస్పత్రి రికార్డులు చూసి ఒక సంగతి చెప్పారు. ఆపరేషన్ అయ్యాక కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు, ఇటుక గోడ కనిపించినవాళ్లకంటే త్వరగా ఇంటికెళ్లారు, గట్టి నొప్పి మందులూ తక్కువ వాడారు. వేపచెట్టు కింద మంచం వేయించుకునే మన తాతలకు ఇది చెబితే "ఇదేం కొత్త" అంటారు.

వాడపల్లి వైపు రాయికి కొదవ లేదు. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయంటేనే కింద సున్నపురాయి ఉందని. నది దాటితే పల్నాడు, నాపరాళ్ల సీమ. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు చెక్కింది కూడా పల్నాటి సున్నపురాతి మీదే. ఇంత రాయి పక్కన పెట్టుకుని, దాన్ని కాల్చి సిమెంటు చేసి, ఆ సిమెంటుతో ఉక్కపోసే గదులు కడుతున్నాం. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే చోట ఇది చిన్న విషయం కాదు. నాపరాతి గచ్చు, డంగు సున్నం పూత, పడమట మందపు గోడ, ముందు లోతైన వరండా, నడుమ చెట్టున్న వాకిలి. ఇవేవీ మేస్త్రీలకు తెలియనివి కావు.

వృద్ధాశ్రమాల విషయంలో ఈ అవసరం ఇంకా ఎక్కువ. ఆస్పత్రిలో నాలుగు రోజులుంటాం. అక్కడ పెద్దవాళ్లు మిగిలిన జీవితమంతా ఉంటారు. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో. లాడ్జిలాగా కారిడార్, రెండు పక్కలా నంబర్లున్న తలుపులు. పొద్దంతా అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను పలకరించిన మనిషికి అది జైలే. అరుగు కావాలి. అది కూడా మోకాళ్లు వంగనివాళ్లు కూర్చుని లేవగలిగే ఎత్తులో, పట్టుకోవడానికి కమ్మీతో. ఫ్లోరైడ్ నీళ్లకు నడుము గట్టిపడ్డవాళ్లున్న నల్లగొండ జిల్లాకు ఈ లెక్క మరీ ముఖ్యం.

అట్లాగని పాత ఇంటిని ఉన్నదున్నట్టు దింపొద్దు. తల తగిలే దర్వాజా, కాలు తట్టే గడప, చీకటి మూల వద్దు. గడపను నేలకు సమానంగా వేసి పసుపు, కుంకుమ రంగు గీస్తే చాలు, గడపా ఉంటుంది, చక్రాల కుర్చీ కూడా పోతుంది. నాపరాయిని స్నానాల గదిలో నున్నగా పాలిష్ పట్టొద్దు, తడిస్తే జారుతుంది. ఆపరేషన్ థియేటర్లో సున్నం గోడ పనికిరాదు, అక్కడ కడిగితే శుభ్రమయ్యే గోడే ఉండాలి. బోర్డుల మీద తెలుగు, ఉర్దూతో పాటు బొమ్మలు వేయండి. తండాల నుంచి వచ్చే అవ్వ అక్షరం రాకున్నా స్కానింగు గది వెతుక్కోవాలి కదా.

మీ ఊరికి దవాఖానో, ఆశ్రమమో మంజూరైతే శంకుస్థాపన ఫొటోతో ఆగకండి. గ్రామసభలో ప్లాను చూపించమనండి. రోగితో వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చుంటారు? మే నెలలో కరెంటు పోతే గాలి ఎటు నుంచి వస్తుంది? పదేళ్ల తర్వాత కప్పు కారితే బాగుచేసే డబ్బు ఏ పద్దులో ఉంది? ఈ మూడూ అడగండి. పునాది తీయకముందే అడగండి, స్లాబ్ పడ్డాక అడిగి లాభం లేదు.