మంచినీటి సూక్ష్మ శైవలాలు: కొవ్వు శాతమే కొలమానమా?

సూక్ష్మ శైవలాలను జీవ ఇంధన వనరుగా పరిచయం చేసే వ్యాసాలు తరచుగా ఒకే అంకెను ముందుంచుతాయి: పొడి బరువులో కొవ్వు శాతం. ఒక జాతి యోగ్యతను నిర్ణయించడానికి ఆ అంకె చాలదు. దానినే ఆధారం చేసుకొని రైతులకు ఆదాయంపై ఆశలు కల్పించడం విస్తరణ శాస్త్రానికి తగదని నా అభిప్రాయం.

నత్రజని కొరత ఏర్పడినపుడు క్లోరెల్లా, సెనెడెస్మస్ వంటి శైవలాలలో కొవ్వు శాతం పెరుగుతుంది. కాని కణ విభజన మందగిస్తుంది. 40 శాతం కొవ్వు గల జాతి లీటరుకు రోజుకు 0.05 గ్రాములు, 20 శాతం గల జాతి 0.2 గ్రాములు పెరుగుతాయనుకుందాం. రోజువారీ కొవ్వు దిగుబడి మొదటిదానిలో లీటరుకు 20 మిల్లీగ్రాములు, రెండవదానిలో 40. అమెరికా ఇంధన శాఖ 1978 నుండి 1996 వరకు నడిపిన కార్యక్రమంలో సుమారు 3,000 రకాలను సేకరించారు. నత్రజని కొరత వలన మొత్తం నూనె ఉత్పాదకత పెరగదని అక్కడ కూడా తేలింది.

సస్యశాస్త్ర దృష్టితో చూస్తే ఉత్పాదకాల లెక్క మరింత ముఖ్యం. పొడి బరువులో నత్రజని 7 శాతం ఉంటే, టన్ను శైవలాలకు 70 కిలోల నత్రజని, అంటే సుమారు 150 కిలోల యూరియా అవసరం. లీటరుకు అర గ్రాము సాంద్రత గల చెరువు నుండి కిలో పొడి పొందాలంటే కనీసం 2,000 లీటర్ల నీటిని వేరుచేయాలి. ఈ శక్తి వ్యయాన్ని మినహాయించని ఇంధన లెక్క అసంపూర్ణం.

కిలోకు లభించే విలువ దృష్ట్యా పోషక పదార్థాలు మెరుగైన మార్గం. హెమటోకాకస్ నుండి లభించే ఆస్టాజాంతిన్ ఇందుకు నిదర్శనం. అయితే ఇక్కడా జాగ్రత్త అవసరం. మొత్తం నత్రజనిని 6.25తో గుణించి మాంసకృత్తులను లెక్కిస్తే విలువ ఎక్కువగా కనబడుతుంది, శైవలాలకు 4.78 వంటి గుణకం సముచితమని పరిశోధనలు సూచించాయి. క్లోరెల్లా దృఢమైన కణకవచాన్ని ఛేదించనిదే అందులోని పోషకాలు పూర్తిగా జీర్ణం కావు. పైగా కొవ్వు కోసం నత్రజనిని తగ్గిస్తే మాంసకృత్తులు తగ్గుతాయి. వ్యర్థ జలాలలో పెంచితే ఎరువు ఖర్చు తగ్గుతుంది గాని, భార లోహాలు చేరే అవకాశమున్నందున ఆ పంట ఆహారానికి పనికిరాకపోవచ్చు. కనుక ఒకే కల్చరు రెండు ప్రయోజనాలనూ నెరవేరుస్తుందనే వాదనను పరీక్షించకుండా అంగీకరించరాదు.

విద్యార్థులు తమ సిద్ధాంత వ్యాసాలలో రోజువారీ దిగుబడి, కిలోకు ఖర్చయిన నత్రజని, భాస్వరం, నీరు, కోతకు వినియోగమైన విద్యుత్తు వివరాలను తప్పక నమోదు చేయాలి. ఆహారానికి ఉద్దేశించినవైతే జీర్ణత, భార లోహాలు, విష పదార్థాల పరీక్షలు జోడించాలి. ప్రయోగశాల ఫ్లాస్కుల ఫలితాలను వేసవితో సహా అన్ని కాలాలలో ఆరుబయట చెరువులలో సరిచూడాలి. కొల్లేరు పరిసరాల చేపల చెరువుల నుండి వెలువడే పోషకభరిత జలాలు ఇటువంటి ప్రయోగాలకు అనుకూలం. ఈ వివరాలు సమకూరేవరకు ఇంధనం కోసం శైవలాల సాగును రైతులకు సిఫారసు చేయరాదు.