గురివింద నలుపు

గురివింద గింజ తన నలుపెఱుగదని మన పెద్దలు చెప్పుదురు. తన మచ్చను గానక పరుల మచ్చల నెంచువానిని మందలించుటకు పుట్టిన సామెత యిది. కాని చదువరులొక్క క్షణము నిలిచి చూతురు గాక! ఈ సామెతలోనే దోషమునకు మాఱుపేరు నలుపు. తప్పెన్నువానిని దిద్దుటకు చెప్పిన మాటలోనే మన తప్పు దాగియున్నది. మేమీ వ్యాసమున ముచ్చటింపబోవునది ఆ తప్పును గూర్చియే.

2017వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన, అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున, ఒలేతా పట్టణమున, హైదరాబాదునుండి వెళ్ళిన యొక యువ ఇంజనీరును ఒక శ్వేతజాతీయుడు తన దేశము విడిచి పొమ్మని కేకలు వేసి కాల్చి చంపెను. తెలుగునాట పొయ్యి వెలిగించిన ప్రతి యింటను ఆ వార్త చెప్పుకొని కన్నీరు పెట్టిరి. పెట్టవలసినదే. ఆ తరువాత నెల దాటి కొద్దిదినము లయినదో లేదో, మార్చి నెలాఖరున, ఢిల్లీ చెంతనున్న గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థులను మూకలు వెంటాడి కొట్టినవి. ఒక బాలుని మరణమునకు వారే కారణమని పుట్టిన పుకారు తప్ప వేఱు సాక్ష్యము లేదు. పట్టపగటివలె దీపములు వెలుగు దుకాణముల సముదాయములో కుర్చీలతో వారిని బాదుచుండగా, చుట్టు నిలిచినవారు ఫోనులలో చిత్రములు తీసికొనిరి. ఆ దినమున మన యిండ్లలో ఎందఱి కన్నులు చెమర్చినవి?

మేము పరులను మాత్రమే ప్రశ్నించుట లేదు. ఆ దినములలో మేమును మా బంధువుల యింట కూర్చుండి కాన్సస్ ఘోరమును గూర్చి ఆవేశముతో మాటలాడితిమి. అదే చావడిలో, అదే పూట, ఒక పెండ్లిసంబంధము ప్రస్తావనకు వచ్చెను. పిల్ల చదువరి, గుణవతి, కాని నలుపట! ఇంటి పెద్ద చేయి త్రిప్పి ఆ మాట నంతటితో త్రుంచివేసెను. మేము కాఫీ త్రాగుచు ఊరకుంటిమి. మా మౌనము మాకు నేటికిని ముల్లువలె గ్రుచ్చుకొనుచున్నది. చర్మపు రంగు చూచి మనిషిని గెంటివేయుట సముద్రమున కావలనైనచో ఘోరము, ఈవలనైనచో ఆచారమా? ఒకే యింటిలో రెండు తూనికరాళ్ళు ఉంచుకొనువానిని సంతలోనైనను నమ్మరు గదా!

ఈ జబ్బు నిన్న మొన్నటిది కాదు. దీనిని పట్టుకొని మనదేశీయులు అమెరికా న్యాయస్థానము మెట్లెక్కిన కథ యొకటి కలదు. 1790 నాటి శాసనము ప్రకారము ఆ దేశమున స్వేచ్ఛగల తెల్లవారు మాత్రమే పరదేశమునుండి వచ్చి పౌరులు కాగలరు. అంతర్యుద్ధానంతరము, 1870లో, ఆఫ్రికాసంతతివారికిని ఆ హక్కు నిచ్చిరి. పంజాబునుండి వెళ్ళి, మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా సైన్యములో పనిచేసిన భగత్‌సింగ్ థింద్ పౌరసత్వము కోరెను. ఆయన వాదమెట్టిది? జాతిభేదముతో గూడిన శాసనమే అన్యాయమని కాదు. తాను ఆర్యజాతివాడు, అగ్రవర్ణజుడు, కావున తెల్లవాడే అని! అంతటితో నాగక, అమెరికాలోని తెల్లవాడు నల్లవానితో వియ్యమందుట కెట్లు ఏవగించుకొనునో, తన దేశమున అగ్రవర్ణజుడును ఆదిమవాసులయెడ నట్లే ఏవగించుకొనునని కూడ ఆయన పక్షమున విన్నవించిరి. పరుల నేవగించుకొనుటయే గొప్పతనమునకు నిదర్శనముగా చూపిరన్నమాట!

1923 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు ఏకగ్రీవముగా ఆ వాదమును త్రోసివేసెను. అంతకు మూడు నెలల ముందే, ఒక జపానీయుని వ్యాజ్యెములో, తెల్లవాడనగా కకేసియను జాతివాడని ఆ న్యాయస్థానమే తీర్పు చెప్పియుండెను. అట్లయిన మేము కకేసియనులమే గదా యని మనవారు ముందుకు రాగా, శాస్త్రముతో పనిలేదు, సామాన్యుడు తెల్లవాడని తలచువాడే తెల్లవాడు అని మాట మార్చెను. రెండు తీర్పులను వ్రాసిన న్యాయాధిపతి సదర్లండు, ఇంగ్లండున బుట్టి అమెరికాకు వచ్చినవాడే యగుట గమనింపదగినది.

ఫలితమేమి? అంతకుముందు పౌరసత్వము పొందిన భారతీయులు పదులకొలది దానిని పోగొట్టుకొనిరి. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణము నడపి, ఆ దేశమునే తన దేశమని నమ్మిన వైష్ణోదాస్ బగాయ్, పౌరసత్వమును ఆస్తిని కోల్పోయి, 1928లో ఆత్మహత్య చేసికొనెను. ఇక థింద్‌కు 1936లో పౌరసత్వము దొరకెను. ఆర్యుడని కాదు, అగ్రవర్ణజుడని కాదు. జాతితో నిమిత్తము లేకుండ మొదటి యుద్ధపు సైనికుల కందఱికి ఆ హక్కు నిచ్చిన శాసనము చేత. కులము తెరవని తలుపును అందఱితో పాటు చేసిన సేవ తెరచినది. ఈ యొక్క పాఠమును మనము కంఠస్థము చేసియుండిన, నేడీ వ్యాసముతో పని యుండెడిది కాదు.

మనదేశమున మఱియొక మార్గము చూపినవారును గలరు. జ్యోతిరావు ఫూలే 1873లో తన ‘గులామ్‌గిరి’ గ్రంథమును బానిసత్వమును నిర్మూలించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చెను. అంబేడ్కరు 1946లో నల్లజాతి మహాపండితుడు డుబోయిస్‌కు లేఖ వ్రాసి, అస్పృశ్యుల స్థితికిని అమెరికాలోని నల్లజాతివారి స్థితికిని గల పోలికను తెలిపి, వారు ఐక్యరాజ్యసమితికి పంపిన విన్నపపు ప్రతిని కోరెను. 1959లో మార్టిన్ లూథర్ కింగ్ మనదేశము వచ్చినపుడు, తిరువనంతపురములో నొక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికానుండి వచ్చిన సాటి అస్పృశ్యుడని పిల్లలకు పరిచయము చేసెనట. మొదట మనసు చివుక్కుమన్నదనియు, తన దేశమున తనవారి బ్రతుకులు తలంచుకొనగా ఆ మాట నిజమేయని ఒప్పుకొంటిననియు 1965లో ఆయనయే చెప్పెను. థింద్ నడచిన త్రోవ తెల్లవాని ప్రక్కన పీట వెదకినది. ఫూలే, అంబేడ్కరులు నడచిన త్రోవ పీటలలోని ఎచ్చుతగ్గులనే కాదన్నది. మనమే త్రోవను పోవుచున్నాము?

ఇక మన ఋణము సంగతి. 1946లో భారతీయులకు అమెరికా పౌరసత్వపు హక్కు వచ్చినది. కాని ప్రవేశము ఏటికి 100 మందికి మాత్రమే! ఆ ద్వారము నిజముగా తెరచినది 1965 అక్టోబరులో, దేశములవారీ పాళ్ళను రద్దుచేసిన శాసనము. ఆ శాసనమెట్లు వచ్చెను? తెల్లవారి హృదయములు ఒక రాత్రిలో కరుగలేదు. నల్లజాతి స్త్రీపురుషులు బస్సులను బహిష్కరించి నడచిరి, చెఱసాలల నిండిరి. 1965 మార్చి 7న సెల్మా వంతెనమీద లాఠీదెబ్బలు తినిరి. 1964లో పౌరహక్కుల చట్టమును, 1965 ఆగస్టులో ఓటుహక్కు చట్టమును సాధించిరి. మనుష్యుని పుట్టుకనుబట్టి తూచుట నీతి కాదని ఆ దేశముచేత ఒప్పించిన గాలియే వలసశాసనమును కూడ కదల్చెను. మన బిడ్డలెక్కిన విమానమునకు ఆ వంతెనమీద కారిన నెత్తురే దారి చూపినది.

అచట మనవారు ఇల్లు కొని, పాలు పొంగించి, గృహప్రవేశము చేసికొని చిత్రములు పంపుదురు. చూచి మురియుదుము. ఆ వీధిలో ఇల్లమ్ముటకు జాతినిబట్టి నిరాకరింపరాదన్న శాసనము 1968 ఏప్రిల్ 11న వచ్చినది. అనగా కింగ్ హత్య జరిగిన వారము దినములకు. ఆ యింటి గడపకు పసుపు పూయునపుడు ఈ సంగతి నెవరు తలంచెదరు? పైగా కొడుకునకు తల్లిదండ్రులు ఫోనులో చెప్పు మొదటి బుద్ధియేమి? నాయనా, నల్లవారున్న చోట ఇల్లు తీసికొనకుము! ఇంతకంటె కృతఘ్నత యుండునా?

కొందఱనవచ్చును: నల్లవారిలో పేదఱికము, నేరము ఎక్కువ, మనవారు చదువుకొని, ఒదిగి బ్రతికి, పైకి వచ్చిరి, వారేల రాకపోయిరి? ఇది తూచినట్లు కనబడు తప్పుడు తూనిక. 1965 తరువాత ఆ దేశము మననుండి ఏరి తీసికొన్నది ముఖ్యముగా వైద్యులను, ఇంజనీర్లను. పేదల పన్నులతో నడచిన కళాశాలలలో చదివినవారిని గంపలోని మేలైన పండ్లవలె ఏరుకొనిరి. ఏరిన గంపను ఏరని తోటతో పోల్చుట న్యాయమా? వారిదో, 1865 వఱకు బానిసత్వము. ఆపైన తరతరముల వెలి. 1930ల నుండి ప్రభుత్వ సంస్థలే పటములమీద నల్లవారి పేటలకు ఎఱ్ఱరంగు పూసి, అచట ఇంటికప్పు లిచ్చుట అపాయమని గుర్తుపెట్టిరి. ఇల్లే మధ్యతరగతివాని ఆస్తి యగు దేశమున ఇంటికప్పు నిరాకరించి, తరువాత వీరికి ఆస్తి లేదేమని యడుగుట కాళ్ళు కట్టివేసి పరుగెత్తుమనుట కాదా?

మఱికొందఱు, నల్లవారు మాత్రము మనలను గౌరవించుచున్నారా యందురు. అందఱును గౌరవింపకపోవచ్చును. కాని ఎదుటివాని తప్పు మన తప్పునకు రసీదు కాదు. ఒక సంగతి మఱువరాదు. ఒలేతాలో తుపాకి పట్టినవాడు తాను ఇరానీయులను కాల్చితినని చెప్పుకొనెను. మన గోత్రమేమో, మన జీతమెంతో వాడడుగలేదు. వానికి మనము రంగు మాత్రమే. ఆ రాత్రి వానికి అడ్డుపడి గుండుదెబ్బ తిన్నవాడును తెల్లవాడే, వాడును గోత్రమడుగలేదు. ద్వేషము మన యెచ్చుతగ్గుల లెక్కను చదువదు. మానవత్వమునకు ఆ లెక్కతో పనిలేదు. ఇక ఆ లెక్క ఎవరి కొఱకు వ్రాసికొనుచున్నాము?

మన కొఱకే. కులపు లెక్కకు అది కొనసాగింపు గావున. ఇంట కులమునుబట్టి గ్లాసు వేఱుచేయుట నేర్చిన బిడ్డ, పరదేశమున రంగునుబట్టి మనిషిని వేఱుచేయుట ఒకరు నేర్పకయే నేర్చును. కులమే సముద్రము దాటినది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరసభ కులవివక్షను నిషేధించు శాసనము చేయవలసివచ్చె నన్నచో, మనము పెట్టెలలో ఆవకాయతో పాటు మఱేమి మోసికొని పోయితిమో తెలియుచున్నది గదా!

నల్లవారు మనకు పరాయివారని తలచుటయు అజ్ఞానమే. హైదరాబాదులో ఏ.సీ. గార్డ్స్ పేటను ఎఱుగనివారెవరు? ఆ పేరు నిజాము కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డులనుండి, అనగా ఆఫ్రికా సంతతి ఆశ్వికదళమునుండి వచ్చినది. ఆ సిద్దీల వంశీయులు ఆ పేటలో నేటికిని ఉన్నారు. వారు మన పొరుగువారు. మన నగరచరిత్రలో భాగస్వాములు. ఆఫ్రికా విద్యార్థికి అద్దెయిల్లు లేదని తలుపు మూయు గృహస్థుడు, తన యూరి చరిత్ర ముఖముమీదనే తలుపు మూయుచున్నాడు.

ఇక నలుపు అందమునకు తక్కువ యనువారితో మేము శాస్త్రవాదము చేయము. మీ పూజామందిరమునకే రండు. శ్యామసుందరుడని, నీలమేఘశ్యాముడని ఉదయము హారతి పట్టి, మధ్యాహ్నము కోడలి చాయ చూచి పెదవి విఱిచెదరు. ద్రౌపదికి కృష్ణ యను పేరు దేనిని బట్టి వచ్చినది? 2020 మే నెలలో మినియాపొలిస్‌లో జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతీయుని పోలీసు మోకాలితో త్రొక్కి చంపినపుడు లోకము కదలినది. ఆ కదలికలో, మన దేశమున ఇంటింట అమ్ముడగు ఒక ముఖలేపనము తన పేరులోని తెలుపును తీసివేసికొనెను. పేరు మాఱినది. ఆ డబ్బా కొను బుద్ధి మాఱినదా?

సోదరీసోదరులారా! సభలు చేయుమని మేము కోరుట లేదు. సంస్కారము వంటయింటి గడపనుండియే బయలుదేరవలయును. పసిపిల్లను ‘కఱ్ఱిపిల్ల’ యని ముద్దునకైనను పిలువకుడు. పెండ్లిప్రకటనలో చాయ మాట వ్రాయకుడు. వ్రాసినవారి సంబంధమునకు పోకుడు. పరదేశమందలి బిడ్డకు, నల్లవారి వీధిని తప్పించుకొనుమని గాక, నీవు నడచు వీధిని వేసినవారెవరో తెలిసికొనుమని చెప్పుడు. వాడొకనాడు నల్లజాతి స్నేహితుని వెంటబెట్టుకొని వచ్చిన, లేదా నల్లజాతి కన్యను వలచితినని చెప్పిన, మీ నోటనుండి వెలువడు మొదటి మాటయే మీ సంస్కరణకు పరీక్ష. ఆనాడు మాకువలె కాఫీ త్రాగుచు ఊరకుండకుడు.

గురివింద తన నలుపెఱుగకపోవుట గింజకు దోషము కాదు. దానికి కన్నులు లేవు. మనకు కలవు.