పంది వెంట్రుకల బ్రష్ అంటే ఎందుకంత ఏవగింపు?

గడ్డం గీసుకునే బ్రష్ ఎంచుకోవడంలో కూడా ఈ దేశంలో కులం అడ్డొస్తుంది. సబ్బు నురగతో షేవింగ్ చేసుకునేవాళ్లకు జంతువుల వెంట్రుకల బ్రష్‌లు ప్రధానంగా రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి పంది వెంట్రుకలది, రెండోది బ్యాడ్జర్ వెంట్రుకలది. బ్యాడ్జర్ అంటే నీటికుక్క కుటుంబానికి చెందిన, బొరియలు తవ్వుకుని బతికే జంతువు. రెండింటి వెంట్రుకలనూ కడిగి, శుద్ధి చేసి, కట్టలు కట్టి పిడికి బిగిస్తారు. అయినా మొదటి పేరు వినగానే మనవాళ్ల ముఖం చిట్లుతుంది, రెండో పేరు వినగానే పర్సు తెరుచుకుంటుంది.

నేను ఏళ్లుగా పంది వెంట్రుకల బ్రష్‌నే వాడుతున్నాను. ఆ సంగతి తెలిసిన ఒక సహోద్యోగి, "ఛీ, పంది వెంట్రుకలు మొహానికి ఎలా పూసుకుంటావు?" అన్నాడు. ఆయన చేతిలో ఉన్నదీ ఒక మృగం వెంట్రుకలే. కానీ బ్యాడ్జర్‌ను ఆయన ఎప్పుడూ చూడలేదు, దాన్ని పెంచే మనిషినీ చూడలేదు. పందిని చూశాడు, పందిని పెంచే వాడను చూశాడు. ఆ "ఛీ" పందితో ఆగదు, ఆ వాడ దాకా వెళుతుంది.

ముందు పనితనం సంగతి మాట్లాడదాం. పంది వెంట్రుక గట్టిది, నీటిని లోపలికి పీల్చుకుంటుంది. అందుకే వాడే ముందు కొన్ని నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి. కొత్తలో గరుగ్గా ఉంటుంది. కొన్ని వారాలు వాడితే కొసలు చీలి మెత్తబడతాయి. ఆ తర్వాత గట్టి సబ్బు నుంచి కూడా చిక్కటి నురగ తీస్తుంది, గడ్డాన్ని లేపి నిలబెడుతుంది. బ్యాడ్జర్ మొదటి రోజు నుంచే మెత్తగా ఉంటుంది, నీటిని వెంట్రుకల మధ్య బాగా పట్టి ఉంచుతుంది, పెద్దగా నానబెట్టనక్కర్లేదు. ధర మాత్రం చాలాసార్లు కొన్ని రెట్లు ఎక్కువ. చర్మం మరీ సున్నితమైతే బ్యాడ్జర్ హాయి అనిపించవచ్చు, ఒప్పుకుంటాను. ఇటలీలో 1931లో మొదలైన ఒమేగా కంపెనీ పేరు ప్రపంచంలో మోగింది పంది వెంట్రుకల బ్రష్‌లతోనే. అక్కడి మంగలి షాపుల్లో అది మామూలు పనిముట్టు. అక్కడ లేని మైల ఇక్కడికెలా వచ్చింది?

"ఖరీదైనదే శుభ్రమైనది" అనేవాళ్లకు చరిత్రలోంచి ఒక జవాబుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్యాడ్జర్ వెంట్రుకలు దొరకక, గుర్రపు వెంట్రుకలకు రంగులద్ది బ్యాడ్జర్ లాగా కనిపించే బ్రష్‌లు తయారుచేశారు. సరిగా శుద్ధి చేయని ఆ వెంట్రుకల ద్వారా బ్రిటన్‌లో, అమెరికాలో సైనికులకూ పౌరులకూ ఆంత్రాక్స్ సోకింది, ప్రాణాలు పోయాయి. 1920లో బ్రిటన్ జపాన్ షేవింగ్ బ్రష్‌ల దిగుమతిని నిషేధించింది. శుభ్రత అనేది శుద్ధి చేసే పద్ధతిని బట్టి ఉంటుంది. జంతువు పేరునో, దాన్ని పెంచే మనిషి కులాన్నో బట్టి ఉండదు.

ఇంకో మాట. పంది మాంసం కోసం పెరుగుతుంది, వెంట్రుక దాని ఉప ఉత్పత్తి. బ్రిటన్‌లో అనుమతి లేకుండా బ్యాడ్జర్‌ను చంపడం 1992 చట్టం ప్రకారం నేరం. అందుకే ఇంగ్లిష్ పేర్లున్న బ్రష్‌లలో కూడా వెంట్రుక ఎక్కువగా చైనాది. అక్కడి బ్యాడ్జర్ ఫారాల క్రూరత్వాన్ని 2018లో పెటా బయటపెట్టాక కొన్ని కంపెనీలు ఆ వెంట్రుకలనే వదిలేశాయి. మరి జీవకారుణ్యం పేరుతో పందిని వెలివేసేవాళ్లు బ్యాడ్జర్ ముందు ఎందుకు మౌనంగా ఉంటారు?

పంది ఎవరి బతుకో మనకు తెలుసు. తెలుగు నేల మీద ఎరుకలవాళ్లు, ఉత్తరాదిన ఖటిక్‌లు, పాసీలు తరతరాలుగా పందులు పెంచారు. వలస పాలన కాలం నుంచి కాన్పూర్‌లో ఖటిక్‌లు పంది వెంట్రుకల వ్యాపారం చేశారు. బ్రష్‌ల తయారీకి పేరున్న ఊరు ఉత్తరప్రదేశ్ బిజ్నోర్ జిల్లాలోని షేర్‌కోట్. తైలవర్ణ చిత్రకారుడి చేతిలో ఉండేదీ, గోడలకు రంగులేసే మంచి బ్రష్‌లో చాలాకాలం ఉన్నదీ పంది వెంట్రుకే. ఆ బ్రష్ గీసిన దేవుడి బొమ్మ మైలపడలేదు. ఆ బ్రష్ రంగేసిన ఇల్లు మైలపడలేదు. పెంచిన మనిషి మాత్రం ఊరి చివరే ఉండిపోయాడు. సరుకు గడప లోపలికి, మనిషి గడప బయటికి. కులం లెక్క ఎప్పుడూ ఇదే.

షేవింగ్ మన చరిత్రలో చిన్న విషయం కాదు. సతారాలో మంగళ్లు ఉన్నా, ఇవ్వడానికి డబ్బులున్నా, అంటరాని పిల్లలకు జుట్టు కత్తిరించడానికి ఎవరూ ఒప్పుకోనందున ఆ పని తన అక్కే చేసేదని బాబాసాహెబ్ రాసుకున్నారు. ఇందులో నేను మంగలి వృత్తివాళ్లను దోషులుగా నిలబెట్టడం లేదు. వాళ్లూ కులం కట్టేసిన మనుషులే. దళితుడి గడ్డం ముట్టుకుంటే మా గడ్డం ముట్టుకోవద్దని బెదిరించింది ఊరి పెత్తందార్లు. అలా నిరాకరించడం 1955 పౌర హక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం నేరం. అయినా కొన్ని ఊళ్లలో దళితులు గడ్డం గీయించుకోవడానికి నేటికీ పట్నం బస్సు ఎక్కుతున్నారు.

మతాచారంగా పందికి దూరంగా ఉండే ముస్లిం సోదరులతో నాకు పేచీ లేదు. ఏ జంతువు వెంట్రుకా వద్దని సింథటిక్ బ్రష్ కొనేవాళ్లతోనూ లేదు. వాళ్లది తమకు తాము పెట్టుకున్న నియమం. నా పేచీ బ్యాడ్జర్‌ను మురిపెంగా మొహానికి రాసుకుంటూ పందిని చూసి ముక్కు మూసుకునేవాళ్లతో. సరుకులో తేడా అడిగితే వాళ్లు చెప్పలేరు. చెప్పగలిగేది ఒక్క "ఛీ" మాత్రమే.

మన పిల్లలకు చెప్పాల్సింది ఇదే. బ్రష్ కొనేటప్పుడు మీ చర్మాన్ని చూసుకోండి, మీ సబ్బును చూసుకోండి, మీ జేబును చూసుకోండి. పంది వెంట్రుకలది నచ్చితే తలెత్తుకుని కొనండి. ఎవరైనా అడిగితే అది "నేచురల్ బ్రిజిల్" అని దాటేయకండి. పంది వెంట్రుకలు అనే చెప్పండి. మన తాతల కష్టానికి ఇంగ్లిష్ ముసుగు వేయాల్సిన అవసరం మనకు లేదు.