సగటు చాటున దాగిన సత్యం

ఒకరికి పథ్యమైన ఆహారం మరొకరికి అపథ్యం కావచ్చునని మన పెద్దలు ఏనాడో గ్రహించారు. మానవ ప్రవర్తనను పరిశోధించేవారు ఈ సంగతినే శాస్త్రపరిభాషలో చెబుతారు. ఒక కారణం సగటున కలిగించే ఫలితం ‘ప్రధాన ప్రభావం’. పరిస్థితిని బట్టి ఆ ఫలితం హెచ్చినా, తగ్గినా, తలక్రిందులైనా అది ‘పరస్పర ప్రభావం’. మొదటిదానిని మాత్రమే చూచి తీర్పు చెబితే ఎంతటి అన్యాయం జరుగగలదో తెలిపే ఉదాహరణ మన దేశంలోనే ఉన్నది.

1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీ అధ్యక్ష పదవులలో మూడవ వంతు స్త్రీలకు కేటాయించింది. ఏ పంచాయతీ స్త్రీలకు దక్కాలన్నది గ్రామస్థుల ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా, యాదృచ్ఛికంగా నిర్ణయమయింది. కనుక ఆ గ్రామాలను తక్కిన గ్రామాలతో నిస్సంకోచంగా పోల్చవచ్చును. కోల్‌కతాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ ఆచార్యులు రాఘవేంద్ర చట్టోపాధ్యాయ, ఆర్థికశాస్త్రవేత్త ఎస్తేర్ డుఫ్లో ఈ అవకాశాన్ని వినియోగించుకున్నారు. పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్, రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాలలో మొత్తం 265 పంచాయతీలను పరిశీలించి, 2004లో ఫలితాలను ప్రకటించారు.

మంచినీటి విషయంలో రెండు చోట్లా ఒకే ఫలితం: స్త్రీలకు కేటాయించిన పంచాయతీలలో ఎక్కువ పనులు జరిగాయి. రోడ్ల విషయం వేరు. బీర్భూమ్‌లో రోడ్లపై వ్యయం పెరిగింది, ఉదయపూర్‌లో తగ్గింది.

ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒక చోట పది పాళ్ళు పెరిగి, మరొక చోట పది పాళ్ళు తగ్గితే సగటు సున్న. ఆ సున్నను చూచి, ‘అధ్యక్షులు స్త్రీలైనా పురుషులైనా రోడ్లకు ఒకటే’ అని ఎవరైనా తీర్మానిస్తే, ఆ మాట ఏ జిల్లాకూ వర్తించదు!

మరి ఈ భేదానికి కారణమేమి? పంచాయతీకి అందిన ఫిర్యాదులే జవాబు చెప్పాయి. బీర్భూమ్‌లో రోడ్లను గూర్చి పురుషులకంటె స్త్రీలే ఎక్కువగా మొరపెట్టుకున్నారు. ఉదయపూర్‌లో స్త్రీలే తక్కువగా అడిగారు. అధ్యక్షురాళ్ళు తమ చోటి స్త్రీలు కోరినదానినే చేశారన్నమాట.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పదవుల కేటాయింపు యాదృచ్ఛికమే గాని, జిల్లాల భేదం యాదృచ్ఛికం కాదు. రెండు జిల్లాలకు నీటివనరులలో, జీవనోపాధిలో, ఆచారాలలో ఎన్నో తేడాలు. కనుక ఫలితాన్ని మార్చినది ఫలానా అంశమేనని చెప్పాలంటే, ఫిర్యాదుల వంటి వేరొక సాక్ష్యం ఉండాలి. అంతేకాదు, ఒక చోట ప్రభావం స్పష్టంగా కనిపించి మరొక చోట కనిపించనంత మాత్రాన రెండూ భిన్నమని అనరాదు. ఆ రెండింటి మధ్య తేడానే నేరుగా కొలవాలి.

ఇటువంటి ఆలోచనకు కోల్‌కతా కొత్తది కాదు. ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1931లో అక్కడ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి. ఆర్. రావు 1941లో ఆ సంస్థలో చేరారు. పెక్కు కారణాలను ఏకకాలంలో, కొద్దిపాటి ప్రయోగాలతో పరీక్షించేందుకు తోడ్పడే అంకెల అమరికలను గూర్చి ఆయన 1940 దశకంలో రచించిన పత్రాలు ప్రపంచమంతటా పరిశోధకులకు ఉపకరించాయి.

‘ఈ పథకం సగటున మేలు చేసింది’ అనే వార్త ఇకమీదట కంటబడినప్పుడు పాఠకులు ఒక ప్రశ్న వేయడం మంచిది: ఎవరికి, ఏ పరిస్థితులలో? ఎక్కడ చూచినా ఫలితం ఒకే దిశలో ఉంటే సగటును నమ్మవచ్చు. దిశ మారితే, సగటుకంటె ఆ మార్పే ముఖ్యమైన వార్త.